ఆరో అంతస్తులో అరుగు అసెంబ్లీ

విజయ్ పాల్ మాస్టారు పెళ్లయినప్పటి నుంచి భార్య మాటకు ఎదురు చెప్పిందే లేదు. ఎదురు చెప్పకుండానే పని చెడగొట్టడం ఎలాగో ఆయనకు తెలుసు. అందుకే "మోరంపూడిలో ఆరో అంతస్తు ఫ్లాటు కొనుక్కుందామండీ" అని ప్రిస్కిల్లా అనగానే "బ్రహ్మాండం!" అనేశాడు.

లోపల మాత్రం ఆయనకు ఇల్లు మారడం బొత్తిగా ఇష్టం లేదు. ఇన్నీసుపేటలో వాళ్లుంటున్న అద్దె ఇంటి కప్పు వానొస్తే కారుతుంది, కుళాయి వాన రాకపోయినా కారుతుంది. కానీ ఆ ఇంటికి వీధి వైపు ఒక అరుగుంది. సాయంత్రం మాస్టారు లుంగీ కట్టి దాని మీద కూర్చోగానే చర్చి కొయిరు వాళ్లూ, బట్టల కొట్టు సత్యప్రసాదూ, రిటైరైన పోస్టుమాస్టరూ ఒక్కొక్కరే చేరతారు. పాస్టరు గారి ప్రసంగం నిడివి మొదలు పండుగొప్ప చేప ధర దాకా అక్కడ చర్చకు రాని విషయం లేదు, తేలిన విషయమూ లేదు.

దానికి అరుగు అసెంబ్లీ అని పేరు. స్పీకరు మాస్టారే. ఇంట్లో నోరెత్తే అవకాశం లేని మనిషికి ఆ పదవి ఎంత అవసరమో పెళ్లయిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆరో అంతస్తుకెళితే అసెంబ్లీకి ఎవరొస్తారు? ఈ బేరం ఎలాగైనా చెడిపోవాలని ఆయన రోజూ ప్రార్థించాడు.

దేవుడు ఆయన మొర బ్యాంకు మేనేజరు ద్వారా ఆలకించాడు.

"బిల్డింగుకి ఫైర్ సర్టిఫికెట్ రాందే లోన్ ఇవ్వమండి. పొగొస్తే అలారం మోగాలి, పైపుల్లో నీళ్లు రావాలి. ఫైర్ ఆఫీసరు గారు చూసి సంతకం పెట్టాలి. లేదంటే బిల్డరుకిచ్చిన అడ్వాన్సు మీరు వెనక్కి తీసేసుకోండి" అన్నాడాయన.

మాస్టారికి బల్ల మీద నుంచి దూకి మేనేజరును కావలించుకోవాలనిపించింది. ఆ బిల్డింగులో పొగ పసిగట్టే డబ్బాల వైర్లు గాలికి ఊగుతూ ఉండడం ఆయన కళ్లారా చూశాడు. ఇక ఆఫీసరు పైపైన చూసి సంతకం పెట్టేయకుండా చూసుకుంటే చాలు. దానికి ఆయన బుర్రలో ఒక పథకం మెదిలింది.

"ప్రిస్కీ, ఆఫీసరు గారు మన బిల్డింగుకొస్తే ఏమీ పెట్టకుండా పంపుతామా? గోదావరి జిల్లా వాళ్లమై ఉండి?"

"టిఫిను తెప్పిద్దామండి."

"టిఫినా! ఆత్రేయపురం ఆడపడుచువి నువ్వుండగా హోటలు ఉప్మానా? మన ఫ్లాటు ముందు వరండాలో కుండ బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టి, అప్పటికప్పుడు రేకు తీసి పూతరేకులు చుట్టి పెట్టు. ఆయన జన్మలో మర్చిపోకూడదు."

ప్రిస్కిల్లా ఉల్లిపాయ కోయడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది. "ఆరో అంతస్తులో కొబ్బరాకుల మంటాండీ?"

"మర్యాద ప్రిస్కీ, మర్యాద!"

"అలాగేనండి" అంది ప్రిస్కిల్లా.

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే ఆయన అనుమానించాల్సింది. లెక్కల మాస్టారే గానీ, జవాబు తనకు అనుకూలంగా వస్తే మధ్యలో లెక్క ఎలా నడిచిందో చూసే అలవాటు లేదు.

ఆఫీసరు వచ్చే రోజుకి కూడా లిఫ్టుకి ఇంకా కరెంటు ఇవ్వలేదు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, నెత్తిన కుండ, చంకలో కొబ్బరాకులతో మాస్టారు మెట్లెక్కాడు. పొగ బాగా రావాలని పచ్చి ఆకులు కూడా కలిపాడు.

"ఏంటి మాస్టారూ, గ్యాసు కనెక్షను రాలేదా?" అన్నాడు వాచ్‌మన్ అబ్బులు.

"నీకెందుకురా, పైపు సంగతి చూసుకో!"

బిల్డరు జానకిరామ్ వెంట రాగా ఫైర్ ఆఫీసరు ఉదయ్‌భాస్కర్ గారు ఆయాసపడుతూ ఆరో అంతస్తు చేరారు. మాస్టారు అగ్గిపుల్ల గీశాడు. పచ్చాకులు చిటపటలాడాయి. పొగ సుడులు తిరుగుతూ పైకి లేచింది. మాస్టారు దగ్గుతూనే అసెంబ్లీ గొంతు ఎత్తాడు.

"చూశారా ఆఫీసరు గారూ! ఇంత పొగొచ్చినా అలారం మో..."

'గదు' అనేలోపు అలారం మోగి బిల్డింగంతా దద్దరిల్లింది. ఆ మోతకు మాస్టారు రెండడుగులు ఎగిరిపడ్డాడు. మెట్ల దగ్గర కాచుకుని ఉన్న అబ్బులు నీళ్ల పైపు లాక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. పొగలో వాడికి మంట కనబడలేదు, మాస్టారి తెల్లచొక్కా కనబడింది. దానికే గురిపెట్టాడు.

నీళ్లు ఆగేసరికి మాస్టారు గోడవారన చతికిలబడి ఉన్నాడు. కుండకు మాత్రం ఏమీ కాలేదు.

"శభాష్ మాస్టారూ! పొగ పెట్టి పరీక్ష చూపిస్తామని నిన్న మేడమ్ ఫోన్ చేసి అడిగితే సరేనన్నాను గానీ, ఇంత బాగా చేస్తారనుకోలేదు. సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నాం" అన్నారు ఆఫీసరు గారు.

"అమ్మగారు ఊరుకున్నారా అండి? వైర్లు కలపకపోతే వేరే బిల్డింగు చూసుకుంటామని మా ఎలక్ట్రీషియన్‌ని ఇంటికెళ్లనివ్వలేదు" అన్నాడు జానకిరామ్.

ప్రిస్కిల్లా ఆ కుండ మీదే తీరిగ్గా రేకులు తీసి, పూతరేకులు చుట్టి అందరికీ పెట్టింది. వాళ్లు వెళ్లాక మాస్టారు చొక్కా పిండుకుంటూ అడిగాడు.

"నీకెప్పుడు తెలిసిపోయింది?"

"మీరు ఆత్రేయపురాన్ని మెచ్చుకున్నప్పుడేనండి. పెళ్లయ్యాక మా ఊరిని మెచ్చుకోవడం అదే మొదటిసారి."

మాస్టారు తలొంచుకున్నాడు. "ఆ అరుగు లేకపోతే నాకు సాయంత్రాలు ఎలా గడుస్తాయో తెలీలేదే. చెబితే నవ్వుతావనుకున్నాను."

"నవ్వేదాన్నేనండి. నవ్వాక ఇదే చేసేదాన్ని" అంటూ ఆయన్ని కిందికి తీసుకెళ్లింది. గేటు పక్కన, ఎర్ర ఇసుక బకెట్ల వెనకాల, పొడుగాటి కొత్త సిమెంటు అరుగు. "బిల్డరు గారితో కట్టించానండి. కొనేవాళ్లందరం కలిసి మిమ్మల్ని ఈ బిల్డింగుకి ఫైర్ సెక్రటరీని చేశాం. రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చుని బకెట్లు చూసుకోవాలి."

మాస్టారి కళ్లు చెమర్చాయి. అప్పటికే ఒళ్లంతా తడిసి ఉండడంతో ఎవరూ గమనించలేదు.

లోన్ వచ్చింది, కాపురం మారింది, అసెంబ్లీ కూడా మోరంపూడికి తరలివచ్చింది. మొదటి సాయంత్రమే స్పీకరు మొదలుపెట్టాడు. "ఈ బిల్డింగుకి సర్టిఫికెట్ తెప్పించిందెవరనుకుంటున్నారు? ఆ రోజు నేనే కనక తెలివిగా..."

పైనుంచి అలారం గణగణా మోగింది. అబ్బులు పైపు అందుకున్నాడు. స్పీకరు ఒక్క గెంతులో అరుగు వెనక్కి దూకాడు.

ఆరో అంతస్తు పిట్టగోడ మీంచి ప్రిస్కిల్లా తొంగిచూసింది. "కంగారేం లేదండీ! పని చేస్తోందో లేదో చూశాను. భోజనానికి రండి!"