అంజూరపు చెట్టు కింద దొరికిన దేశం

ఐరోపావారు మహాసముద్రాల మీదికి ఎందుకు బయల్దేరారన్న ప్రశ్నకు పండితులు మతమనీ, కీర్తి అనీ, జ్ఞానతృష్ణ అనీ రకరకాల జవాబులు చెబుతారు. అసలు కారణం కూర చప్పగా ఉండటం. మిరియం పది చేతులు మారి లిస్బన్ చేరేసరికి, దాన్ని తినడం కన్నా పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడమే పెద్దమనిషి తరహా అనిపించేది. అది పుట్టే చోటికి మనమే పోతే సరిపోదా అని ఎవరికో తోచింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత దానికొక కార్యాలయం పెట్టారు.

ఆ కొత్త భూముల కార్యాలయానికి నిబంధనలు వందలున్నా, ముఖ్యమైనది ఒక్కటే. రాజుగారి ముద్ర చెక్కిన రాతి స్తంభం ఎక్కడ నిలబడితే అది కనుగొన్న భూమి. (అక్కడ అప్పటికే ఉంటున్నవారు కనుగొనబడినవారు. అంతకుముందు వాళ్లు ఏం చేస్తుండేవారన్నది కార్యాలయానికి సంబంధం లేని విషయం.) స్తంభాలను లిస్బన్‌లోనే చెక్కించి, తేదీకి మాత్రం జాగా వదిలి ఓడలకెక్కించేవారు.

ఇక మెసియా సంగతి. లిస్బన్‌లోనే, రేవుకు పైనున్న అల్ఫామా పేట కొండవాలులో ఆమెకు ఒక గది, ఒక పెరడు, పెరట్లో భర్త నాటిన అంజూరపు చెట్టు, దాని కింద బొగ్గుల కుంపటి ఉన్నాయి. రేవు కూలీలకు సార్డీన్ చేపలు కాల్చి అమ్ముకుని బతికేది. భర్త లోపో మూడేళ్ల కిందట మిరియాల ఓడ ఎక్కాడు. ఓడ తిరిగొచ్చింది, లోపో రాలేదు. అతనికి బదులు గుడ్డలో ముడివేసిన గుప్పెడు మిరియాలు ఇచ్చి పంపారు. ఆ మూటను ఆమె మరియ తల్లి బొమ్మ వెనక దాచుకుంది. ఒక్కసారి కూడా ముడి విప్పలేదు.

పునీత లూసియా పండుగనాటి పొద్దున, బాస్తియావ్ అనే బండివాడు ఒక స్తంభాన్ని ఎద్దుల బండి మీద రేవుకు దించుతుండగా చక్రం విరిగింది. స్తంభం జారి, మెసియా గోడ కూల్చుకుని వచ్చి, చెట్టు మొదట్లో మెత్తటి మట్టిలో నిటారుగా దిగబడింది. చేయి తిరిగిన పనివాళ్లు నాలుగు రోజులు కష్టపడినా అంత తిన్నగా పాతలేరని చూసినవాళ్లందరూ ఒప్పుకున్నారు.

“ఏమయ్యా, నా పెరడేమన్నా రేవనుకున్నావా? తియ్యి దీన్ని,” అంది మెసియా.

“పడుంటే ఎప్పుడో తీసేవాణ్ణక్కా. నిలబడి చచ్చింది. నిలబడ్డదాన్ని కదిపితే ఉరేస్తారంట,” అన్నాడు బాస్తియావ్ మెడ తడుముకుంటూ.

మధ్యాహ్నానికి కార్యాలయం నుంచి సిమావ్ తవారెష్ వచ్చాడు. మంచి మనిషి, లంచం ముట్టడు, నిబంధన దాటడు. (అలాంటివాడి చేతిలో పడితే ఇక దారి లేదని వీధికంతా తెలుసు.) నిబంధనలన్నీ తిరగేశాడు. స్తంభం పొరపాటున నిలబడితే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఉండి ఉంటే అప్పటికి దొరికిన భూముల్లో సగం వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చేది. కనుక పని మొదలైంది. ఇత్తడి చక్రంతో సూర్యుడి ఎత్తు కొలిచి, ఈ కొత్త దేశం సరిగ్గా లిస్బన్ అక్షాంశం మీదే ఉందని, ఇది గమనించదగిన విశేషమని రాసుకున్నారు. ఆ రోజు పండుగను బట్టి దానికి పునీత లూసియా భూమి అని పేరు పెట్టారు. సిమావ్ వెంట వచ్చిన దుబాసీ ముందుకొచ్చి అరబ్బీలో కుశలమడిగాడు.

“నాకు పోర్చుగీసే వచ్చు బాబూ,” అంది మెసియా.

“ఈమెకు మన భాష కొంత వచ్చునండి,” అని దుబాసీ సిమావ్‌కు విన్నవించాడు.

రాయి తీసేయమని చెప్పండి అని ఆమె అంటే, రాయిని చూసి మురిసిపోతోందని తర్జుమా చేశాడు. గోడల మీద కూర్చున్న వీధి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మెసియాకూ నవ్వాగలేదు. నిబంధన ప్రకారం గాజు పూసలు, రెండు చిరుగంటలు, ఒక ఎర్ర టోపీ బహూకరించారు. టోపీ పెట్టుకుని ఆమె గంటలు మోగిస్తూ పెరడంతా ఒక చుట్టు తిరిగింది. “నన్ను కూడా ఎవరైనా కనుక్కోండయ్యా, టోపీ బాగుంది,” అంది ఎదురింటి ఇన్యెష్.

సిమావ్ నింపుతున్న పత్రంలో చివరి గడి ఒక్కటే మిగిలింది: సుగంధ ద్రవ్యాలు. ఏమీ లేకపోతే పనికిరాని భూమి కింద కొట్టేసి, మర్నాడే రాయి పట్టుకుపోతామని సిమావ్ మెల్లగా చెప్పాడు. మెసియా మనసు తేలికపడింది. పొద్దుటి నుంచి ఆ మనిషి ఏమీ తినలేదు. ఇంటికొచ్చినవాణ్ణి ఊరికే పంపడం ఆమెకు చేతకాదు. రెండు చేపలు కాల్చి, రొట్టె మీద పెట్టి ఇచ్చింది. బాగుంది గానీ కొంచెం చప్పగా ఉందన్నాడు సిమావ్, అబద్ధం ఆడటం రాక.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. లోపలికి వెళ్లి, మూడేళ్లుగా విప్పని ముడి విప్పి, ఐదు గింజలు నలిపి తెచ్చి చేప మీద చల్లింది.

గోడల మీద నవ్వులు ఆగిపోయాయి. సిమావ్ చేతులు తుడుచుకున్నాడు.

“ఎక్కడివమ్మా ఇవి?”

“ఇంట్లోవే బాబూ,” అంది మెసియా గర్వంగా.

ఈ దేశంలో మిరియాలు ఇళ్లలోనే దొరుకుతాయని సిమావ్ రాసుకున్నాడు.

ఆ తర్వాత అంతా సజావుగా జరిగింది. భూమిని కనుగొన్నవాడు కనుక బాస్తియావ్‌ను దానికి పాలకుణ్ణి చేశారు. సరుకు తేవడానికి మూడు ఓడలు సిద్ధం చేయమని ఉత్తర్వు వచ్చింది. ఓడలు కొండ ఎక్కవని ఎవరో మనవి చేసుకుంటే, అది నావికుల ధైర్యానికి సంబంధించిన విషయమని జవాబొచ్చింది. దేశవాసుల్లో ఒకరిని లిస్బన్‌కు తెచ్చి చూపించాలన్నది మరో నిబంధన. మెసియాను రేవులో పడవ ఎక్కించి, తేజో నదిలో రెండు రోజులు తిప్పి, ఎక్కిన మెట్ల దగ్గరే దించారు. మా నగరం ఎలా ఉందని పెద్దలు ఆప్యాయంగా అడిగారు. భాష ఇంత త్వరగా ఎలా పట్టుబడిందని ఆశ్చర్యపోయారు.

మూడో రోజు ఆమె ఇంటికి నడిచి వెళ్లింది. అంజూరపు చెట్టు లేదు. మిరియాల వేళ్ల కోసం దాన్ని మొదలంటా తవ్వేశారు. మిరియాల మూట నమూనా కింద రాజుగారి కోటకు వెళ్లిపోయింది. ఆమె పీట మీద బాస్తియావ్ కూర్చుని ఉన్నాడు. “నేను అడగలేదక్కా, వాళ్లే ఇచ్చారు,” అని తల వంచుకున్నాడు, కానీ పీట మీంచి లేవలేదు. లోపో గుర్తుగా ఆమెకు మిగిలినవి ఆ చెట్టూ ఆ మూటే. మెసియా కూలిన గోడ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని కార్యాలయానికి వెళ్లింది.

“బాబూ, ఆ ఇల్లు నాది. మీ రాయి రాకముందు నుంచీ నేనక్కడే ఉన్నాను.”

సిమావ్‌కు నిజంగానే జాలేసింది. లేచి, తన కుర్చీ ఆమెకిచ్చి, ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. ఆమె అన్న మాటలే అందులో చక్కటి దస్తూరితో రాసి ఉన్నాయి.

“అందరూ ఇదే అంటారమ్మా. మీకు శ్రమ ఎందుకని ముందే రాయించి పెట్టాం. తేదీ ఒక్కటి వేస్తే సరిపోతుంది.”