ఎడమ తెడ్డు తర్వాత వస్తుంది

వస్తువుని పూర్తిగా తయారుచేసి అమ్మడం అనాగరికుల లక్షణమని మా సంస్థ నిబంధనల మొదటి పేజీలోనే ఉంటుంది. పూర్వం కుండలు చేసే మనిషి కుండకి అడుగు కూడా పెట్టి మరీ అమ్మేవాడట. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళు పోసుకునేవాడు. అంతే, వాళ్ళిద్దరి సంబంధం అక్కడితో సరి. మళ్ళీ కుండ పగిలేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే లేదు. ఎంత ఘోరం! మేమైతే ముందు కుండ విడుదల చేస్తాం. అడుగు కొన్నాళ్ళాగి ఉచిత అప్‌డేట్‌లో వస్తుంది. (ఉచితం అనే మాటని మా ప్రకటనల్లో కుండకన్నా పెద్దదిగా వేస్తాం.) ఈలోగా కొన్నవాడు పొద్దున్న లేవగానే మమ్మల్నే తలుచుకుంటాడు. ఏ మాటలతో తలుచుకుంటాడన్నది వేరే విభాగం చూసుకుంటుంది.

మేం చేసేది కుండలు కాదు లెండి, వీడియో గేములు. నేనుండేది నిదాన విభాగంలో. పక్క గదిలో వాళ్ళు గేము తయారుచేస్తారు. తయారైనదాన్ని ఆపడం మా పని. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, బాధ్యతతో కూడుకున్నది. గేములో ఆ తలుపు ఎందుకు తెరుచుకోదు, ఆ వంతెన నది మధ్యలో ఎందుకు ఆగిపోయింది, దుకాణంలో దుకాణదారు ఉండి సరుకెందుకు లేదు, వీటన్నిటి వెనకా మాలాంటివాళ్ళ కష్టం ఉంది. ఎవరూ గుర్తించరు, అది వేరే సంగతి.

మా విభాగాధిపతిని అందరూ తర్వాత సారు అంటారు. సెలవడిగినా, సంతకమడిగినా, పక్కకి జరగమన్నా ఆయన చెప్పే మాట అదొక్కటే. ఆయన గది తలుపు మీద బోర్డులో పేరు సగమే ఉంటుంది. మిగతా సగం దశలవారీగా వస్తుందని కింద చిన్న అక్షరాల్లో రాసుంటుంది. మాట మీద నిలబడే మనిషి.

ఈ మధ్య మేం విడుదల చేసిన గేములో ఆడేవాళ్ళందరికీ తలా ఒక దీవి ఇచ్చాం. దీవిలో ఒక ఇల్లు, ఇంటి ముందు మొక్కలు, ఒడ్డున ఒక పడవ. పడవెక్కి స్నేహితుల దీవికి వెళ్ళి రావచ్చు. అదే గేములో అసలు సరదా. విడుదల రోజున పడవ ఇచ్చాం. తెడ్లు ఇవ్వలేదు. అలాగని తెడ్లు తయారవలేదనుకునేరు. బొమ్మలు గీసే అమ్మాయి ఒక్క పూటలో రెండూ గీసి పడేసింది. తర్వాత సారు ఆ అమ్మాయిని పిలిపించి, "రెండూ ఒకేసారి గియ్యమని నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగితే పాపం బిక్కమొహం వేసింది. కొత్త పిల్ల కదా అని క్షమించి వదిలేశారు.

ఇంతవరకూ అంతా పద్ధతి ప్రకారమే నడిచింది. చిక్కంతా మా ఇంట్లో వచ్చింది.

మా అత్తగారు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై మా దగ్గరే ఉంటారు. సగం రాసిన జవాబుకి సగం మార్కులు ఏనాడూ వెయ్యని మనిషి. అలాంటి మనిషికి మా ఆవిడ ఈ గేము నేర్పించింది. (ఇందులో నా ప్రమేయం ఏమీ లేదని మనవి.) కొసమెరుపేమిటంటే, దూరపు ఊళ్ళో ఉన్న చిన్నత్తగారికి, అంటే మా అత్తగారి సొంత చెల్లెలికి కూడా ఫోన్లోనే నేర్పించేసింది.

ఆ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేక ఏళ్ళయింది. ఏదో పెళ్ళిలో గ్రూప్ ఫొటో తీస్తుంటే చిన్నత్తగారు ముందుకొచ్చి నిలబడ్డారట. ఫొటోలో మా అత్తగారిది ఒక చెవీ, కాస్త జుట్టూ మాత్రం పడ్డాయి. "కావాలనే నిలబడింది" అని ఈవిడ. "వెనక ఎవరున్నారో నాకేం తెలుసు" అని ఆవిడ. మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత ఫోన్లు బంద్.

అలాంటిది, ఒకరోజు అత్తగారి ట్యాబ్‌లో గంట మోగింది. చిన్నత్తగారి దీవి నుంచి స్నేహం కలుపుకుందామని కబురు. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఎవరూ చూడట్లేదనుకుని 'సరే' నొక్కారు. వంటింట్లోంచి మా ఆవిడా, హాల్లోంచి నేనూ చూస్తూనే ఉన్నాం.

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదమ్మా" అంది మా ఆవిడ.

"ఫోన్ చేస్తే నేను దిగొచ్చినట్టవుతుంది. పడవలో వెళ్తే అలా కాదు. పడవ అందరికీ ఇచ్చారు. నేనేదో పనున్నట్టు అటు వెళ్తాను, అది కనిపిస్తుంది, పలకరిస్తాను. అంతే."

ఆ రోజు నుంచి టీ తాగడం ఆలస్యం, అత్తగారు గేములో తన బొమ్మని తీసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టేవారు. పడవ కదిలేది కాదు. నీళ్ళకి అవతల చిన్నత్తగారి బొమ్మ కూడా తన పడవలో కూర్చుని ఉండేది.

"ఏం చేస్తోందది అక్కడ?" అనేవారు అత్తగారు.

"కూర్చునుందమ్మా, నీలాగే."

"నాకోసమేనంటావా?"

"నీకోసం కాక ఇంకెవరికోసం?"

అప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు. హెడ్‌మిస్ట్రెస్‌గారు చిన్నపిల్లయిపోయేవారు. అంతలోనే నేనున్నానని గుర్తొచ్చి, "అల్లుడుగారూ, తెడ్డు లేని పడవ ఎందుకిచ్చినట్టు?" అనేవారు. మామూలుగా నన్ను బాబూ అని పిలుస్తారు. గారు తగిలించారంటే వ్యవహారం ముదిరినట్టు.

"తెడ్డు త్వరలో వస్తుందండీ" అనేవాణ్ణి వినయంగా.

(మా కార్యాలయ పరిభాషలో 'త్వరలో' అంటే తయారై బీరువాలో ఉందని అర్థం. 'అతి త్వరలో' అంటే ఇంకా మొదలుపెట్టలేదని. తేదీ చెప్పామంటే ఆ ఒక్క రోజు మాత్రం కచ్చితంగా రాదని.)

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. "ఆ తెడ్లు మీ దగ్గరే ఉన్నాయిగా?"

"ఉన్నాయి."

"ఇచ్చి పారెయ్యొచ్చుగా?"

"అలా ఉన్నవన్నీ ఇచ్చుకుంటూ పోతే వ్యవస్థ ఏమైపోవాలి?"

"మీ వ్యవస్థ ఏ గంగలో దూకితే నాకేం? మా అమ్మా, పిన్నీ కలవాలి."

ఆ పూట నాకు కంచం మాత్రం పెట్టింది. భోజనం ఉచితమేననీ, దశలవారీగా వస్తుందనీ ప్రకటించింది. మంచినీళ్ళు మాత్రం మొదటి దశలోనే దొరికాయి.

మర్నాడు తర్వాత సారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. "సరే, ఇద్దాం. కుడి తెడ్డు" అన్నారు.

"రెండూ ఇస్తే బాగుంటుందేమో సార్?"

"రెండూ ఇస్తే జనం అవతలికి చేరిపోతారయ్యా! చేరాక ఇంక వాళ్ళకి మనతో పనేముంటుంది?"

నిజమే మరి. నాకు ఆ చూపు లేదు. అందుకే ఆయన ఆ కుర్చీలో ఉన్నారు, నేను నిలబడి ఉన్నాను.

కుడి తెడ్డు విడుదలైంది. 'మీ పడవ ఇప్పుడు కదులుతుంది!' అని ప్రకటించాం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పడవ కదిలింది. ఒకే తెడ్డు కాబట్టి ఉన్నచోటే గిరగిరా తిరిగింది. అవతల చిన్నత్తగారి పడవా అంతే. ఇద్దరూ నీళ్ళలో ఎవరి వలయంలో వాళ్ళు తిరుగుతూ, ఒక్కో చుట్టుకి ఒక్కసారి ఎదురుబొదురయ్యేవారు.

"చూశావా, చూశావా! నన్ను చూసి మొహం తిప్పేసుకుంది!"

"పడవ తిరిగిందండీ అత్తయ్యగారూ."

"నాకు తెలీదా దాని సంగతి? చిన్నప్పట్నుంచీ అంతే!" అని ట్యాబ్ మూసేశారు. కాసేపాగి మెల్లిగా మళ్ళీ తెరిచారు. ఎందుకండీ అంటే, పిచ్చిది ఇంకా తిరుగుతోందేమో, కళ్ళు తిరుగుతాయేమో చూద్దామని అన్నారు.

గేము ఆడే జనమంతా ఇలాగే గింగిరాలు కొడుతున్నారని పై అధికారులకి తెలిసింది. వాళ్ళు ఆనందించి, ప్రజల కోరిక మీద గిరగిరల వారోత్సవం ప్రకటించారు. ఎక్కువ తిరిగినవాళ్ళకి బహుమతిగా పడవకి తగిలించుకునే జెండా. (జెండా గుడ్డ వెంటనే ఇచ్చాం. కర్ర తర్వాత వస్తుంది.)

అయితే మా దగ్గర ఆశల అధికారిణి అని ఒకావిడ ఉన్నారు. జనంలో ఆశ ఎంత మిగిలిందో రోజూ కొలిచి చెప్పడం ఆవిడ పని. ఆశ మరీ పెరిగితే ఒక వాయిదా ప్రకటిస్తాం, మరీ తగ్గితే ఒక వస్తువు వదులుతాం. వారోత్సవం అయ్యేసరికి ఆశ అట్టడుక్కి వెళ్ళిందని ఆవిడ కబురంపారు. ఎడమ తెడ్డు వదలక తప్పింది కాదు. దాంతోపాటు ఇంకో కానుక కూడా ఇచ్చాం. గేములో బొమ్మలకి మాటలు ఇంకా విడుదల చెయ్యలేదు కాబట్టి, కనీసం సైగలైనా ఉండాలని ఒక సైగ ఇచ్చాం. చెయ్యి ఊపడం, దగ్గరకి తీసుకోవడం, అవునని తలాడించడం, అన్నీ బీరువాలో సిద్ధంగానే ఉన్నాయి. విడుదల చేసింది మాత్రం కాదని తల అడ్డంగా ఊపడం.

"ముందు అవునంటే ఇంకేముందయ్యా ఎదురుచూడ్డానికి?" అన్నారు తర్వాత సారు. "కాదన్నాకే కదా, అవును కోసం పడిగాపులు పడతారు!"

ఆ సాయంత్రం అత్తగారు మంచి చీర కట్టుకుని కూర్చున్నారు. గేములో చీర కనపడదని ఎవరమూ అనలేదు. రెండు తెడ్లూ వేసుకుంటూ బయల్దేరారు. అవతల నుంచి చిన్నత్తగారూ బయల్దేరారు. సరిగ్గా నీళ్ళ మధ్యలో రెండు పడవలూ ఒకదానికొకటి తగిలి ఆగాయి. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడేదో ఒకటి అనాలి కదా. ఈ బటన్ నొక్కనా?" అన్నారు అత్తగారు.

నేను నోరు తెరిచాను. విడుదలకి ముందు సైగల వివరాలు బయటపెట్టకూడదని నిబంధన. విడుదలయ్యాక చెప్పొచ్చో లేదో వెంటనే గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకునేలోగా ఆవిడ నొక్కేశారు.

అక్క బొమ్మ తల అడ్డంగా ఊపింది. చెల్లెలి బొమ్మ తెడ్లు పక్కన పెట్టింది. తర్వాత అదీ తల అడ్డంగా ఊపింది.

"చూశావా? ఇంతదూరం తెడ్డేసుకుని నేను వెళ్తే!"

"అమ్మా, ముందు ఊపింది నువ్వే."

"నేనూపింది వేరు. అయ్యో, ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి అని ఊపాను. అది రావద్దని ఊపింది." ట్యాబ్ బోర్లా పెట్టేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కళ్ళు తుడుచుకోవడం మాకు కనపడకూడదని అలా కూర్చున్నారు గానీ, కనపడింది. మా ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

నేను పొద్దున్నే ఆఫీసుకి పరుగెత్తి, అవునని తలాడించే సైగ ఇవాళే వదలమని కాళ్ళావేళ్ళా పడ్డాను. తర్వాత సారు నన్ను కూర్చోబెట్టి, ఓపిగ్గా లెక్కలు చూపించారు. నిన్నటి నుంచి జనం ఒకరికొకరు తలలూపుకుంటూ గేము వదిలి పోవడం లేదట. భార్యలు భర్తలకి, పిల్లలు తల్లులకి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఒకటే ఊపుడు. ఇంతటి ఆదరణ మా సంస్థ ఎన్నడూ ఎరగదు. అందుచేత అవునని తలాడించడాన్ని నిరవధికంగా వాయిదా వేశారు. దానికి బదులు ఇంకా గట్టిగా తల అడ్డంగా ఊపడం అనే సైగని అదే రోజు ఉచితంగా విడుదల చేశారు.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ మోగింది. అత్తగారు ఎత్తారు. అవతలి గొంతు గుమ్మం దాకా వినపడింది.

"ఏమేవ్ అక్కా! అంత గట్టిగా ఊపుతావా తల? మెడ పట్టేస్తే ఎవరు చూస్తారు నిన్ను?"

"నువ్వూపలేదూ? నువ్వూపావనే కదా నేనింకా గట్టిగా ఊపింది!"

"ముందు మొదలెట్టింది నువ్వు!"

"ఫొటోలో ముందు నిలబడింది నువ్వు!"

"అబ్బా, ఇంకా ఆ ఫొటోయేనా! ఆ చెవి నీదని నేను అందరికీ చూపిస్తూనే ఉన్నానే తల్లీ!"

అలా దులిపేసుకున్నారు, ఒకరినొకరు. ఉన్నట్టుండి చిన్నత్తగారు, "అసలు అవునని తలాడించడం లేకుండా గేమెలా చేశారే? ఎవడే ఆ మహానుభావుడు?" అన్నారు.

అత్తగారు నా వైపు చూశారు. "మా అల్లుడే" అన్నారు.

ఆ తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి, దగ్గొచ్చి, మళ్ళీ నవ్వారు. "అబ్బాయి మంచివాడేనే, ఉద్యోగమే అలాంటిది" అని నన్ను వెనకేసుకొచ్చారు అత్తగారు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, "మరి ఎవరు దిగొచ్చినట్టమ్మా?" అనడిగితే, తిట్టడానికి ఫోన్ చేస్తే అది దిగొచ్చినట్టు కాదని వివరించారు.

ఆదివారం చిన్నత్తగారు బస్సు దిగి వచ్చేశారు. అప్పట్నుంచి ఇద్దరూ సోఫాలో కూర్చుని ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. ఎవరు వింటున్నారో మాకు తెలియదు. గేము ఇద్దరూ తీసేశారు. అత్తగారి ట్యాబ్ ప్రస్తుతం టీ చల్లారకుండా గిన్నె మీద మూతగా పనికొస్తోంది. నాకూ భోజనం అన్ని దశలూ కలిపి ఒకేసారి వడ్డించారు.

ఆఫీసులో మాత్రం కలకలం రేగింది. రోజూ పొద్దున్నే వచ్చి పడవలో కూర్చునే ఆటగాళ్ళు ఇద్దరు ఒకేరోజు మాయమైపోయారని, ఇది విభాగానికే మచ్చ అని తర్వాత సారు కారణం విచారించే పని నాకే అప్పగించారు. విచారణ చేశాను, నివేదిక సమర్పించాను. అది ఇక్కడ యథాతథంగా ఇస్తున్నాను.

నష్టం: ఇద్దరు ఆటగాళ్ళు. కారణం: మాట్లాడుకున్నారు. ఇలాంటి పొరపాటు మరే ఇంట్లోనూ జరగకుండా తగు చర్యలు తీసుకుంటున్నాం.