పళ్ల డాక్టరుగారి ద్వినౌకా సమరం

శ్రోతలారా, చెవులొగ్గి వినుడు! ఎండలు ముదిరి, ఆఫీసులన్నియు సెలవు చీటీలతో నిండిపోవు మాసమున, ఒకానొక శనివారము పదకొండు గంటల పది నిమిషాల వేళ, కింద చెప్పుల దుకాణమును పైన కళ్లజోళ్ల దుకాణమును గల భవనపు నడిమి అంతస్తులో, ఏసీ చెడి ఫ్యాను మాత్రమే కిర్రుకిర్రుమని రోదించుచున్న ట్రావెల్ ఏజెంటు ఆఫీసునందు, ప్లాస్టిక్ కుర్చీలే రథములుగా, గాజుబల్లయే కదనరంగముగా, రంగుల కరపత్రములే కరవాలములుగా, ఇద్దరు యోధులు పక్కపక్కనే కూర్చుండి, ఒకరి ముఖమొకరు చూడకుండ తలపడిరి. వారు ఆలుమగలు. అందువలననే ఆ యుద్ధమునకు నియమములు లేవు.

ఎడమ రథమునందున్నవాడు దంతవైద్యుడు. దంతకుహర విదారణుడు, జ్ఞానదంత సమూలోత్పాటన ప్రచండుడు, ఇరువదియేండ్లుగా దినమునకు ముప్పది నోళ్లు తెరిపించి మూయించిన ఘనుడు. పగలంతయు చెవిలో డ్రిల్లింగ్ మిషను జుయ్యిమనగా, కుర్చీలో వెల్లకిలా పడుకున్నవారు ‘ఆఁ ఊఁ’ యని మూలుగగా, ఇల్లు చేరిన పిమ్మట చెంచా కంచమునకు తగిలినను ఉలిక్కిపడువాడు.

కుడి రథమునందున్నది ఆతని అర్ధాంగి, లైబ్రేరియను. నిశ్శబ్ద సామ్రాజ్య పట్టమహిషి, ‘ష్’ అను ఒక్క అక్షరాస్త్రముతో నిండు హాలును బొమ్మల కొలువు చేయగల మంత్రవేత్త.

పెండ్లియై పాతికేండ్లు నిండినందున ఓడ ఎక్కవలెనని ఇద్దరును ఒక్క మాటగా నిశ్చయించిరి. అంతవరకు బాగే. ఏ ఓడ అన్నచోటనే కత్తులు లేచినవి. నాలుగేండ్ల క్రితము కొండా సముద్రమా యని తేల్చుకొనలేక వారెచ్చటికిని పోలేదు. ఆ సెలవులన్నియు ఆమె అన్నగారి ఇంట, ఆయన స్వహస్తములతో తీసిన తోట వీడియోలు చూచుటలో హరించిపోయెను. ఈసారి ఏజెంటు రెండు ఓడలలో చెరొక గదిని పన్నెండు గంటల వరకే పట్టి ఉంచగలిగెను. పన్నెండు దాటెనా, మరల తోట వీడియోలే. వంకాయ మొక్కకు పాదు తవ్వుట గూర్చి నలుబది నిమిషములు!

ఆ స్మరణమాత్రముననే రోమాంచితుడై దంతవైద్యుడు చిన్న ఓడ కరపత్రమును పైకెత్తి గర్జించెను.

“చూడు! మొత్తం తొంభై ఆరు మందే. గది గదికీ బాల్కనీ. పొద్దున్నే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదట. పనివాళ్లు కూడా గుసగుసగా మాట్లాడతారట. ఇది ఓడ కాదు, స్వర్గం!”

“స్వర్గానికి చచ్చాక ఎలాగూ వెళ్తాం కదండీ,” అని ఆమె పెద్ద ఓడ కరపత్రమును ఫెళఫెళమని విప్పెను. అది బల్లను కప్పి, భర్త ఒడిలోనికిని దురాక్రమణ చేసెను. “నాలుగు వేల మంది! పద్నాలుగు హోటళ్లు, మూడు నీళ్ల జారుడుబల్లలు, బ్యాండు మేళం, పాటల పోటీలు...”

“అది ఓడా, సంతా?”

“సంతే. నాకు సంతే కావాలి.”

“ఇరవై ఏళ్లుగా ఆ మిషను రొద విని విని నా చెవులకి చిల్లులు పడ్డాయి! ఎనిమిదంటే ఎనిమిది రోజులు ప్రశాంతత అడిగితే...”

“పళ్లు నూరకండి. అరిగితే మీకే పని.”

ఏజెంటు ఎడమ చెంపకు చేయి ఆనించుకొని, కక్కలేక మింగలేక, గడియారము వంక చూచెను. పదకొండు నలుబది.

అప్పుడు లైబ్రేరియను స్వరము హఠాత్తుగా తగ్గెను. తగ్గిన స్వరము ఎంతటి మారణాయుధమో ఆమె యెరుగును; కాని ఈ మారు అది ఆయుధము కాదు.

“మీరు రోజంతా చప్పుడు వింటారు. నేను రోజంతా చప్పుడు ఆపుతాను. మొన్నో పుస్తకంలో భలే జోకు చదివి నవ్వాగక, స్టోర్ రూములోకి పోయి తలుపేసుకుని నవ్వి వచ్చాను. ఇరవై రెండేళ్లండీ. నాకు ఒక్కసారి అందరి మధ్యా గొంతు చించుకుని అరవాలనుంది. ఆ జారుడుబల్ల మొదట్నుంచి కిందికొచ్చేదాకా.”

దంతవైద్యుడు తొలిసారి ఆమె ముఖము వంక తిరిగెను. లక్ష నోళ్లలోనికి టార్చి వేసి తొంగిచూచినవాడు, తన యింటి నోట ఏ మాట ఇరుక్కొని యున్నదో ఒక్కనాడును చూడడయ్యె! కరపత్రమును దించి, “సరే, పెద్దదే తీసుకుందాం,” అనెను.

ఆమె మనసు వెన్నయ్యెను. “వద్దులెండి. మీ చెవులు మాత్రం ఏం పాపం చేశాయి? చిన్నదే తీసుకుందాం.”

“పెద్దదన్నానా?”

“చిన్నదంటున్నానా?”

“నీకోసం చెప్తుంటే అర్థం కాదా?”

“మీకోసమే కదా నేనూ చచ్చేది!”

హా! ఇరుపక్షములవారు కోటలు మార్చుకొని, ఇందాకటి తమ వాదములనే తమపై ప్రయోగించుకొనుచు, మునుపటికంటె రెట్టింపు ఘోరముగా పోరిరి. స్వార్థమునైన ఒప్పించవచ్చును గాని, త్యాగమునకు పట్టిన మొండితనమును బ్రహ్మదేవుడైన వదలించలేడు. పదకొండు యేబదిరెండు.

“సార్, ఏ ఓడైనా ఫారం ఒకటే,” అని ఏజెంటు కలము తీసెను. “ఈలోగా నింపేస్తాను. మీ వృత్తి?”

“డెంటిస్టు.”

ఏజెంటు కన్నులు దీపములవలె వెలిగెను. “అయ్యో, ముందే చెప్పరేం డాక్టర్‌గారూ! ఇదిగో, ఈ వెనక పన్ను, మూడు రోజుల్నుంచి...” అని బల్ల మీదుగా వంగి, చెంప లాగిపట్టి, నోరు తెరిచెను.

అలవాటు చెడ్డది. దంతవైద్యుని మెడ తనంత తానే వంగెను. “చల్లనీళ్లకి జివ్వుమంటోందా?”

“ఆఁ... ఊఁ...”

ఆ మూలుగు చెవిన పడినంతనే ఆతనికి తన క్లినిక్కు కుర్చీ కన్నులకు కట్టెను. “చిన్న ఓడలో భోజనాలెలా?” అని చప్పున నడిగెను.

ఏజెంటు చెంప వదలి, “ఒకటే హాలు సార్. మొదటి పూటే అందరూ ఎవరేం చేస్తారో చెప్పుకుంటారు. దిగేదాకా ఒకే కుటుంబంలా ఉంటారు,” అనెను.

“పెద్దదాంట్లో?”

“పక్క గదివాడి మొహమైనా తెలీదు సార్.”

దంతవైద్యుని కన్నులయెదుట, తొంబదినాలుగు నోళ్లును, వానికి తోడు కెప్టెనుదియు, ఒక్కమారుగ తెరుచుకొనెను. కుర్చీ వెనుకకు పడునట్లు లేచి, “పెద్దది! పెద్దది!” అని అరిచెను.

“నాకోసం త్యాగాలొద్దన్నానా?”

“త్యాగమా, గాడిదగుడ్డా! నాకోసమే! నువ్వు అరుచుకో, ఎగురు, దూకు. ఆ సంతలో నన్నెవడూ గుర్తుపట్టడు!”

లైబ్రేరియను ఫక్కున నవ్వెను. అలవాటుగా చేయి నోటి మీదికి పోయెను. దానిని ఆమెయే తీసివేసి, గోడల క్యాలెండర్లు అదురునట్లు విరగబడి నవ్వెను. అంత పెద్ద నవ్వు ఆమెలో ఉన్నదని ఆ భర్త యెరుగడు. చెవులు మూసుకొనుట మరచి వినుచుండెను.

“సార్, టైమవుతోంది. వృత్తి డెంటిస్టేగా?” అని ఏజెంటు కలము ఆనించెను.

“ఆగండి!” వీరుడు ఆ కలమును మార్గమధ్యముననే పట్టుకొనెను. “సోమవారం క్లినిక్‌కి రండి, మీ పన్ను చూస్తాను. ఆ మాట మాత్రం రాయకండి.”

“ఖాళీ వదలకూడదు సార్.”

వీరుడు రొమ్ము విరిచి, “లైబ్రేరియన్‌గారి మొగుడు అని రాయండి,” అనెను.

ఏజెంటు వ్రాసెను. పదకొండు యేబదితొమ్మిదికి బటను నొక్కెను. అట్లు ఆ మహాశూరుడు అంగుళమైన లేని ఒక గడిలో, రెండే మాటలతో, ఎనిమిది దినములు పరుల పంటిని చూడనక్కరలేని హక్కును గెలుచుకొని, ఫారము తడి యారకముందే భార్యతో మెట్లు దిగిపోయెను. ఇట్టి విజయము ఏ యుగమునను ఏ దంతవైద్యునికిని లభించి యెరుగదు!