పరిచయం లేని పొగడ్త

మానవజాతికి వైద్యరంగం చేసిన మహోపకారాల్లో మా విన్నిపెగ్ వైద్య కళాశాల వారి ఎడం నియమం మొదటిది. (రెండోది మత్తుమందు.) దాని ప్రకారం ఇక్కడ ప్రొఫెసర్ కావాలంటే బయటి ఊరి పండితుడొకరు సిఫారసు చేయాలి. ఆయనకు అభ్యర్థి పని క్షుణ్ణంగా తెలిసుండాలి. అభ్యర్థి మాత్రం బొత్తిగా తెలిసుండకూడదు.

మా పక్కగది డాక్టర్ ఒలెనా హ్రిష్కో, సరస్సు చేపల్ని సగం ఉడికించి తినేవాళ్ల కడుపులో పెరిగే పురుగు మీద జీవితమంతా పనిచేసింది. ప్రపంచంలో ఆ పురుగును పట్టించుకునేవాళ్లు మరో ఆరుగురు. ఏ సదస్సు జరిగినా వాళ్లకు పెరోగీలు (బంగాళాదుంప ముద్ద కూరిన ఉక్రెయిన్ కజ్జికాయలు) వండి తీసుకెళ్లేది. అక్కడే ఆమె కొంప మునిగింది. ఈసారి ప్రమోషన్ తప్పితే ఆమె ప్రయోగశాలను దంతవైద్యుల వ్యాయామశాలగా మార్చేస్తారు.

దూర నిర్ధారణాధికారి గోర్డ్ పెల్టియే (ఈయన్ను ఎంపిక చేసింది సొంత బావమరిది) ఆమెను పిలిపించాడు.

"డాక్టర్ గారూ, వీళ్లు తలా ఎన్ని పెరోగీలు తిన్నారండీ?"

"పెట్టేవాళ్లెవరైనా లెక్కపెడతారా?"

"ఒకటి తింటే పరిచయం. రెండు తింటే స్నేహం. పైన మీగడ కూడా అడిగితే బంధుత్వం కింద లెక్క. అసలు తినని వాళ్లే లేరా?"

"ఉన్నాడొక మహానుభావుడు, హాలిఫాక్స్‌లో. ఆర్చీ మెక్‌ఫెయిల్. పురుగుకి తల ఎటువైపో తేలక నాతో పోట్లాడి, ఏళ్ల తరబడి మొహం చూడట్లేదు."

"భేష్. అలాంటి ఆప్తులే కావాలి మాకు."

మెక్‌ఫెయిల్ రాశాడు: 'ఈమెతో నాకు ఏ విషయంలోనూ పడదు. ఈ పురుగు గురించి నాకు తెలిసినదంతా ఈమె నేర్పిందే.' ప్రమోషన్ల కమిటీలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారట. ఉత్తరం పరమ రహస్యం కనుక సాయంత్రానికల్లా ఒలెనాకు తెలిసిపోయింది. నాకూ సంతోషం పట్టలేదు. ఆమె ఆగలేక నా ముందే ఫోన్ చేసింది.

"ఆర్చీ, ఒలెనాని. పెట్టెయ్యకు."

"పెట్టెయ్యన్లే. తల సంగతి మాత్రం నువ్వు చెప్పింది తప్పే."

"సర్లే. ఈసారి నీక్కూడా పెరోగీలు తెస్తా."

"మీగడ మర్చిపోకు."

అది కళాశాల ఫోను కావడంతో, మీగడ విషయం గోర్డ్ దాకా వెళ్లింది. ఉత్తరం రద్దయింది. ఇద్దరు సాక్షుల ఎదుట మళ్లీ పోట్లాడుకుంటే పునరుద్ధరిస్తామన్నారు. ఒలెనా ఫోన్లో మెక్‌ఫెయిల్‌ను శక్తివంచన లేకుండా తిట్టింది. ఆయన పకపకా నవ్వాడు. సాక్షులం మేమూ నవ్వేశాం. అదీ చెల్లలేదు.

చివరికి కమిటీ దయతలచింది. రెండు షరతుల్లో ఒకటి నెరవేరినా చాలు, సొంత కళాశాల వారైనా ఫర్వాలేదు అంది. ఒలెనాను బొత్తిగా ఎరగని మనిషి కోసం ఎక్కడెక్కడో వెతకాల్సిన పని లేకపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఆమె విభాగానికి అధిపతిగా ఉన్న డాక్టర్ విట్‌కూంబ్ అన్నివిధాలా సరిపోయాడు.

'మంచి కుర్రాడు. పైకి వస్తాడు' అని రాశాడు. ఆమె ప్రొఫెసరైంది.