మొరాయించే మిషన్ ఉన్న ఇల్లే ఇల్లు

చాలా ఏళ్లుగా నాకొక సందేహం ఉంది. గుళ్లో పూజారిని అడగలేదు, ఏమనుకుంటాడోనని. ఆయుధపూజ నాడు మనం యంత్రాలకు దండం పెట్టేది అవి బాగా పనిచేయాలనా, లేక అవి పనిచేయనప్పుడు మనకు కోపం రాకుండా చూడమనా?

రెండోదే నిజమని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకంటే, పాఠకులారా, సరిగా పనిచేసే యంత్రం వల్ల సంసారికి ఒరిగేదేమీ లేదు. మొరాయించే యంత్రమే మహాభాగ్యం!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నేను బెంగళూరు చిక్కపేటలో బోల్టులు, నట్లు అమ్మే దుకాణంలో గుమాస్తాను. ఇంట్లో నాకొక సి.ఎన్.సి. మిషన్ ఉంది. కంప్యూటర్‌లో ఒక బొమ్మో పేరో గీసి ఇస్తే చాలు, గిర్రున తిరిగే ఉలిలాంటిది ఒకటి అటూ ఇటూ నడిచి దాన్ని చెక్క మీద చెక్కిపెడుతుంది. ఫ్యాక్టరీల్లో అది గదంత ఉంటుంది. నాది, నేనే బిగించుకున్నది, భోజనాల బల్లంత. కొందరు చిలకను పెంచుతారు, కొందరు చేపలను పెంచుతారు. నేను దీన్ని పెంచుతున్నాను.

కొత్తలో అది బుద్ధిగా పనిచేసింది. ఆ రోజుల్లో మా ఇంటి గడప తొక్కినవాడు లేడు. బాగున్న మిషన్‌ను పరామర్శించడానికి ఎవరొస్తారు? మొదటి దసరా దాటగానే అది మొరాయించింది. అంతే, మా ఇంటికి కళ వచ్చేసింది!

మొరాయించడమంటే ఆగిపోవడం కాదు. ఆగిపోతే గౌరవంగా ఉండేది. పేరు చెక్కమంటే మొదటి రెండు అక్షరాలూ ముత్యాల్లా చెక్కేది. పలక నడిమికి రాగానే గుర్రుమని మూలిగి, జారి వెనకబడిపోయి, మిగతా అక్షరాలను ముందువాటి నెత్తిన ఎక్కించేది. కంప్యూటర్ తెర మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపించేది! పాపం, దానికి కళ్లెక్కడివి? మోటారుకు 'నడు' అని హుకుం ఇస్తుంది, నడిచిందనే అనుకుంటుంది. ఇందులో వింతేముంది? మన ఆఫీసులన్నీ అలాగే నడవడం లేదూ!

ఇక సలహాలు మొదలయ్యాయి. ఈ బెంగళూరులో కుళాయి కారినా జనం ముందు సాఫ్ట్‌వేర్‌నే అనుమానిస్తారు. మా మేడ మీద అద్దెకుండే ఆశీష్ ఒక కంపెనీలో ప్రోగ్రామర్. బంగారం లాంటి కుర్రాడు, ఆదివారం చర్చి నుంచి వస్తూ మాకోసం కేకు తెస్తాడు.

"విండోస్ రీఇన్‌స్టాల్ చేద్దాం అంకుల్. అన్నీ సెట్ అయిపోతాయి," అన్నాడు.

చేశాం. కొత్త విండోస్‌లో మిషన్ కొత్త ఉత్సాహంతో జారింది.

బ్రౌజింగ్ సెంటర్‌కు వెళ్లి, ఇలాంటి మిషన్లవాళ్లు కూడే ఫోరంలో నా గోడు రాయించాను. ఎంత దయగల ప్రపంచం ఇది! ఏ దేశాల నుంచో జవాబులు వచ్చాయి. స్క్రీన్‌సేవర్ తీసేయమన్నారొకరు. తీసేశాను. మా ఆవిడ జయమ్మ సాయంత్రాలు చూసుకునే రంగు చేపలు పోయాయి, జబ్బు పోలేదు. యాంటీవైరస్ ఆపమన్నారు ఇంకొకరు. ఆపాను. వైరస్ వచ్చింది. వేగం తగ్గించమన్నారు. తగ్గించాను. ఒక్క అక్షరం చెక్కేలోపు ఇడ్లీ పిండి పులిసిపోయేది. కొలతలు అంగుళాల్లో ఉన్నాయేమో, మిల్లీమీటర్లకు మార్చి చూడమన్నారు. మార్చాను. మొత్తం పేరు ఆవగింజలో ఇమిడిపోయింది!

కేబుల్‌ను మోటారు తీగలకు దూరంగా పైకప్పుకు వేలాడదీయమన్నారు. వేలాడదీశాను. జయమ్మ దాని మీద తువ్వాళ్లు ఆరేసింది. ఎర్తింగ్ గుంతలో ఉప్పు వేయమన్నారు. వేశాను. పక్కనున్న మల్లెచెట్టు ఎండిపోయింది.

అయినా నాకెంత లాభం! నలుగురూ వచ్చి కూర్చున్నారు, కాఫీలు తాగారు, నాకు ఓర్పు నేర్పారు. జారిన అక్షరాలన్నీ జయమ్మ చపాతీ పీటల మీదే ప్రాక్టీసు చేశాను కాబట్టి మా చపాతీల మీద కూడా అక్షరాలు వచ్చాయి. ఇంత విద్య ఏ ఇంట్లో ఉంది?

నష్టం ఒక్కచోటే జరిగింది. అది చెప్పక తప్పదు.

మా ఎదురింటి పాపయ్య ఆనేకల్‌లో నేతపని చేసుకునే కుటుంబంవాడు. తండ్రి ఓబళప్ప పోయాక మగ్గం అమ్మేశారు. ఆయన జీవితమంతా మగ్గం ముందు ఏ పలక మీద కూర్చుని నేశాడో ఆ టేకు పలక ఒక్కటే మిగిలింది. దాని మీద తండ్రి పేరు చెక్కిమ్మని, మిషన్ బాగున్న రోజుల్లో తెచ్చి నా చేతిలో పెట్టాడు. సరేనని మాటిచ్చాను. ఆ మాట బాకీ పడిపోయింది. ఇంకో పలక లేదు కదా! చపాతీ పీట పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఓబళప్ప పలకను ఎక్కడ కొనను?

పాపయ్య ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఎదురుపడితే మాత్రం, "ఏమప్పా, మీ మిషన్‌కు జ్వరం తగ్గిందా?" అనేవాడు.

"ఇంకా స్వల్ప ఉండాది పాపయ్యా."

"కానీలే. మా నాయన యాడికి పోతాడు? మీ అటక మీదనే కూచోనుండాడు."

ఆ మాటకు నాకు అన్నం సయించేది కాదు. లోపం నా భక్తిలోనే ఉందేమో అనుకున్నాను. మిషన్ నడుమ స్క్రూలా మరలున్న పొడవాటి కడ్డీ ఒకటి ఉంటుంది. అది తిరిగితేనే ఉలి నడుస్తుంది. దాని ప్రాణమంతా అక్కడే. అందుకని ఆయుధపూజకు పసుపు కుంకుమలు ఆ కడ్డీకే, సరిగ్గా నడిమధ్యన పెట్టేవాణ్ణి. జబ్బు చేశాక మరుసటి ఏడు ఇంకాస్త దట్టంగా పెట్టాను. ఆ పై ఏడు గంధం, విభూతి కూడా చేర్చాను. విచిత్రం చూడండి! పూజ పెరిగేకొద్దీ జబ్బు పెరిగింది. జబ్బు పెరిగేకొద్దీ నేను పూజ పెంచాను.

మొన్న పాపయ్య జిగణిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. విజయదశమికి గృహప్రవేశం. ఈసారి నేరుగా ఇంటికే వచ్చాడు.

"పేరు లేకున్నా పర్వాలేదప్పా, పలక ఇచ్చేయి. కొత్తింట్లోకి మా నాయన ముందు రావాల," అన్నాడు.

ఒట్టి పలక ఏ ముఖంతో ఇవ్వను? రెండు రోజులు ఆగమన్నాను. ఆ కంగారులో మిషన్ బల్లను ఒక్కణ్ణే ఎత్తబోయి నడుము పట్టేయించుకున్నాను. ఆయుధపూజకు ముందు రోజు నేను మంచం మీద, మిషన్ దాని గదిలో. పూజకు సిద్ధం చేసేదెవరు? జయమ్మ కిరోసిన్ గిన్నె, పాత టూత్‌బ్రష్ పట్టుకుని లోపలికి వెళ్లింది.

కాసేపటికి కేక వినిపించింది.

"అయ్యో రామా! గ్రైండర్‌ను కడిగి బొట్టు పెడ్తాను. కుట్టుమిషన్‌ను తుడిచి బొట్టు పెడ్తాను. దీని ఖర్మ ఏమి? ఏండ్ల తరబడి పాత బొట్టు మీదనే కొత్త బొట్టా!"

"బొట్టు చెరపకూడదే!" అని మంచం మీంచే అరిచాను.

"బొట్టు పెట్టేది ముఖానికి. గొంతులోకి పోసేది కాదు!"

కడ్డీ మరల్లోంచి ఎర్రటి ముద్దలు రాలాయి. గ్రీజు, పసుపు, కుంకుమ, విభూతి అన్నీ కలిసి ఇటుకైపోయాయి. నడిమధ్యన, సరిగ్గా మూడో అక్షరం జారే చోట!

నడుముకు గుడ్డ కట్టుకుని లేచాను. ముందు పనికిరాని చెక్క మీద చూశాను, జారలేదు. అప్పుడు టేకు పలకను బిగించి, అమ్మవారి స్తోత్రం అందుకున్నాను. సందేహాలెన్ని ఉన్నా భయమేసినప్పుడు నోటికి వచ్చేది స్తోత్రమే కదా. 'ఓ' అయింది. 'బ' అయింది. నడిమికి వచ్చింది. నా గొంతు ఆగింది గానీ మిషన్ ఆగలేదు. చక్కగా 'ళ' చెక్కి ముందుకు సాగిపోయింది.

చప్పుడు విని మేడ మీంచి ఆశీష్ దిగివచ్చాడు. సంగతి చెబితే తల గోక్కున్నాడు.

"ఆ ఎర్ర ముద్దను నేను మొదట్లోనే చూశాను అంకుల్."

"మరి చెప్పలేదేం నాయనా?"

"మీ పూజ కదా అంకుల్. నేను వేలు పెడితే బాగుండదని ఊరుకున్నా. విండోస్ అయితే ఎవరిదైనా ఒకటే కదా!"

పాఠకులారా, మొరాయించే మిషన్ మహాభాగ్యమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే, ఇంత ప్రపంచమూ వచ్చి తెరలోకి తొంగిచూసింది. కడ్డీ వైపు చూసినవాళ్లు దండం పెట్టుకుని వెళ్లిపోయారు. నేనైతే రెండూ చేశాను! అందుచేత ఫోరంవాళ్లకు నేను కూడా ఒక సలహా రాయించాను: ఏ సాఫ్ట్‌వేర్ తెరవబోయినా ముందు ఒక పాత టూత్‌బ్రష్ వాడి చూడండి. డౌన్‌లోడ్ అక్కర్లేదు. ఇంతవరకు ఎవరూ జవాబు రాయలేదు. మిషన్‌కు జబ్బుగా ఉన్నప్పుడు ఎంత ఆప్యాయంగా రాశారు!

విజయదశమి నాడు పలకను గుడ్డలో చుట్టుకుని జిగణికి వెళ్లాం. పాపయ్య భార్య పుల్లమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె వేలు నేరుగా అక్షరాల మీదికి వెళుతుంటే నాకు నడుము నొప్పి మళ్లీ వచ్చినంత పనైంది.

"ఆడొద్దు పుల్లమ్మా, పైన పెట్టు," అంది జయమ్మ.

పలక పై అంచున బొట్టు పడింది. పాపయ్య దాన్ని రెండు చేతులా ఎత్తుకుని గడప దాటించాడు. నట్టింట్లో కింద పెట్టి, ఇంటి అలవాటు కొద్దీ దాని మీద కూర్చోబోయి, పేరు కనపడేసరికి చటుక్కున లేచాడు.

"ఇంక మా నాయన మీద కూచోలేను గదప్పా!" అని నవ్వుతూ, దాన్ని గోడకు ఆనించి, వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

మా ఇద్దరికీ ఎదురుగా ఓబళప్ప, ఒక్క అక్షరం కూడా జారకుండా ఉన్నాడు. నా మాట బాకీ తీరింది.