ఇరవై పళ్ళేల పరీక్ష

ఆ శనివారం పొద్దున యోగిత వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు చెన్నై నుంచి పరీక్షాధికారి నరేంద్రన్ వస్తాడు. మూలకుళంలో పెదనాన్న వరదరాజన్ పాత్రల కొట్టులో ఆమె సర్దిన సరుకును ఆమె ముందే గీసి పంపిన పటంతో సరిపోల్చుకుని, సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. దుకాణానికి సరుకు ఎంచి కొనడం, దాన్ని కంటికి ఇంపుగా అమర్చడం నేర్పే ఆ కోర్సులో ఆమె ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ పటంలో గీసింది ఒకటి, అరలో ఉన్నది ఇంకొకటి. మూడోసారి కూడా తప్పితే ఇక అవకాశం లేదు.

పాసైతే కొట్టుకు సరుకు కొనే పని ఆమెకే అప్పగిస్తానని పెదనాన్న మాటిచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరినీ ఒక్క చెంబైనా కదపనివ్వని మనిషి, కొట్టు ముందు భాగమంతా ఆమెకు వదిలేశాడు. అది తలచుకున్నప్పుడల్లా యోగిత కళ్ళు చెమర్చేవి. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసింది. పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడిందని, పెళ్ళివారింటికి కానుకలు మోసుకెళ్ళే సీరు పళ్ళేలు ఎంచుకుంది. పెట్టెకు పది వస్తాయి గనుక రెండు పెట్టెలు తెప్పించింది. ఇరవై ఇత్తడి పళ్ళేల్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, అరటిపళ్ళు పెట్టి మెట్లు మెట్లుగా పేర్చి, పట్టుచీర కట్టుకుని, అధికారిని తీసుకురావడానికి బస్టాండుకు బయలుదేరింది. ఎవరినీ ముట్టనివ్వొద్దని పెదనాన్నకు మరీమరీ చెప్పింది. ఆయన తలూపాడు.

తలూపడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. శనివారం మధ్యాహ్నం పూజ అయ్యేదాకా ఆయనకు మౌనవ్రతం. బేరాలు కూడా వేళ్ళతోనే.

కాసేపటికి పక్కింటి కమలమ్మాళ్ అటుగా వెళ్తూ ఆగిపోయింది.

"ఇదంతా మన యోగితకేనా అన్నా?"

ఆయన తలూపాడు.

"మద్రాసు నుంచి వస్తా ఉండారా? పిల్ల సంగతి చూసేదానికి?"

ఆయన ఆలోచించి మరీ తలూపాడు. ఒక్కటీ అబద్ధం కాదు.

కమలమ్మాళ్ సంతోషంగా పళ్ళేలు లెక్కపెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది. శుభకార్యానికి ఎక్కడైనా సరిసంఖ్య పెడతారా? గబగబా ఇంటికెళ్ళి మల్లెపూల పళ్ళెం తెచ్చి చివర పెట్టింది. వరదరాజన్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. మొహమాటపడుతున్నాడనుకుని ఆమె మనలో మనకేందన్నది.

కబురు వీధంతా పాకింది. వట్టి చేతులతో రాలేక కళైసెల్వి మైసూరుపాకు పళ్ళెం తెచ్చింది. వెనకే వచ్చిన చెంగల్రాయన్ ఇరవై రెండు లెక్కపెట్టి, నాలుక కరుచుకుని, ఇంకొకటి చేర్చాడు. వీధిలో సగం మంది ప్రేమకొద్దీ తెచ్చారు, సగం మంది లెక్క సరిచేయడానికి తెచ్చారు. వరదరాజన్ కాగితం మీద 'పరీక్ష' అని అరవంలో రాసి చూపించాడు. "అవునన్నా, ఆడబిడ్డకు పెద్ద పరీక్షే" అని కళైసెల్వి కళ్ళు తుడుచుకుంది.

యోగిత అధికారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి పళ్ళేలు గడప దాటి వీధిలోకి దిగాయి. బట్టతల నరేంద్రన్‌ను చూసి జనం ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు. పెళ్ళికొడుకు తండ్రి అయ్యుంటాడని కమలమ్మాళ్ సర్దిచెప్పి ఆయన మీద పన్నీరు చల్లింది.

ఆయన పన్నీరు తుడుచుకుని, పళ్ళేలను వేలితో రెండుసార్లు లెక్కపెట్టి, మొహం చిట్లించాడు. "ఇరవై ఎనిమిది. పటంలో ఇరవయ్యే కదమ్మా?" యోగిత వాళ్ళలాగే ఆయనదీ తెలుగు ఇల్లే.

యోగిత పెదనాన్న వైపు చూసింది, వీధి వైపు చూసింది. తప్పంతా వాళ్ళమీదికి తోసేయడం ఎంతసేపు? కానీ ప్రతి పళ్ళెం వెనకా ఆమె మేలు కోరిన మొహమే ఉంది.

"తప్పు నాదే సార్" అంది. "పెట్టెకు పది వస్తాయని ఇరవై తెచ్చినా. మా వాళ్ళెవురూ సీరుకు ఇరవై కొనరు. కొనేవాళ్ళను అడగకుండా పెట్టెను అడిగినా." పటంలో ఇరవై కొట్టేసి ఇరవై ఒకటి అని రాసింది.

జరిగింది పెళ్ళిచూపులు కాదని తెలిసి కమలమ్మాళ్ అరనిమిషం నొచ్చుకుంది. తరువాత, ఆ ఇరవై ఒక్క పళ్ళేలు తన మనవరాలి పెళ్ళికి ఎత్తిపెట్టమంది.

నరేంద్రన్ చాలాసేపు రాశాడు. "రెండుసార్లు పటాన్ని బట్టి అర సర్దలేకపోతివి. ఈసారి కొనేవాళ్ళను చూసి పటమే దిద్దితివి. ఈ చదువుకు అదే కావాల. పాస్" అన్నాడు.

యోగిత వీధివాళ్ళందరికీ పేరుపేరునా దండం పెట్టింది. వాళ్ళు రాకపోతే తన తప్పు తనకే తెలిసేది కాదని మనసారా చెప్పింది. పెదనాన్న కాళ్ళకు మొక్కింది. ఆయన వ్రతం ముగియడానికి ఇంకా పది నిమిషాలుంది. ఏడుస్తూ గిడ్డంగి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మైసూరుపాకు తిని బయలుదేరిన నరేంద్రన్ పది అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆయన తన సంచిలోంచి నారింజపళ్ళు తీసి, తనకు తినడానికి విడిగా ఇచ్చిన పళ్ళెం తుడిచి, అందులో పెట్టి వరుస చివర ఉంచాడు.

"ఇరవై ఎనిమిదితో వదిలిపెట్టి పోతే నాకు బస్సులో మనసుండదు" అన్నాడు.

ఆ పళ్ళెం సంగతి ఆయన తన నివేదికలో రాయలేదు.