రెండు మీటర్ల చెక్కు

ఐర్లాండ్‌లో జర్నలిజం, కమ్యూనికేషన్స్ చదవాలనుకునే నల్లజాతి యువతరం ఇక ఫీజుల గురించి దిగులు పడనవసరం లేదని అఖిల ఐర్లాండ్ తెలుగు సమైక్య వేదిక అధ్యక్షులు శేషగిరి గారు 2020 జూన్‌లో ఒక ఆదివారం జూమ్‌లో చారిత్రక ప్రకటన చేశారు. మ్యూట్‌లో ఉండి చేశారు కనుక మళ్ళీ చేశారు. రెండోసారి ఇంకా చారిత్రకంగా వచ్చింది.

నేను ఆ వేదికకు పబ్లిసిటీ కన్వీనర్ని. ఎన్నికలేమీ జరగలేదు. మా ఇంట్లో మంచి కెమెరా ఉందని తెలిసిన రోజున నియమితుడినయ్యాను.

వేదిక పోయినేడు రెండుగా చీలి, ఇంకా సమైక్యంగానే ఉంది. మేము డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉన్నాం. రెండో సగం ఎన్నిస్‌లో లక్ష్మీనారాయణ గారి అధ్యక్షతన, ఇదే పేరుతో, ఇదే లోగోతో నడుస్తోంది. లాక్‌డౌన్‌లో ఆయన నర్సులకు పులిహోర పంచి హైదరాబాద్ పేపర్లో శనివారం ఎన్నారై పేజీకెక్కారు. ఆ రోజు శేషగిరి గారు అన్నం ముట్టలేదు. పులిహోరకు దీటైన సమాధానం కావాలి. టీవీ పెడితే ప్రపంచమంతా నల్లజాతివారి హక్కుల గురించే మాట్లాడుతోంది.

"గిరీషూ, మనం మానవత్వంలోకి దిగుతున్నామయ్యా" అని ఫోన్ చేశారు.

"ఎప్పటినుంచండీ?"

"శనివారం నుంచి. పేజీ పడేది శనివారమే కదా."

మా పక్కింటి అమ్మాయి మార్తా పేరు నేనే చెప్పాను. వాళ్ళ అమ్మానాన్నలది నైజీరియా. తల్లి వృద్ధాశ్రమంలో నర్సు. ఆ వసంతమంతా ఆవిడను యూనిఫారంలో తప్ప చూడలేదు మేము. మార్తా పనిచేసే కేఫ్ మార్చిలోనే మూతపడింది. డబ్లిన్‌లో ఒక కాలేజీలో ఆమెకు జర్నలిజం సీటొచ్చింది. మేము అనుకున్న శనివారం తర్వాత వచ్చే శుక్రవారం లోపల ఫీజు కట్టకపోతే ఆ సీటు వెనక వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది. చిన్నప్పటినుంచీ ఆ పిల్ల మా వీధి వార్తలు చేత్తో రాసి తలుపు సందుల్లోంచి వేసేది. ఒకసారి మా చెత్తడబ్బా పోయిందని నేను గోల చేస్తే, పరిశోధించి, వీధి చివరి ముసలావిడ డబ్బా మా పెరట్లో ఉందని హెడ్డింగ్ పెట్టి రాసింది. అలాంటి పిల్లకి సీటు పోకూడదని నేను నిజంగానే అనుకున్నాను.

ఇంటర్వ్యూ జూమ్‌లో జరిగింది.

"వాట్ ఈజ్ యువర్ నేటివ్ ప్లేస్, అమ్మా?" అన్నారు శేషగిరి గారు.

"లూకన్."

"అది కాదమ్మా, ఒరిజినల్ నేటివ్."

"కూంబ్. అక్కడే పుట్టాను. తర్వాత లూకన్."

శేషగిరి గారు నాకు రహస్యంగా చాట్‌లో మెసేజ్ పెట్టారు: 'కూంబ్ ఆఫ్రికాలో ఏ వైపు?' అది అందరికీ వెళ్ళింది.

"డాడ్, ఇట్స్ ద హాస్పిటల్ ఇన్ టౌన్. ఐ వాజ్ బోర్న్ దేర్ ఆజ్ వెల్," అని వెనకనుంచి వారబ్బాయి నవదీప్ గొంతు వినిపించింది. మార్తా నవ్వాపుకోలేక కెమెరా కట్టేసి, మళ్ళీ పెట్టి, "గ్రాండ్, గ్రాండ్, నెక్స్ట్ క్వశ్చన్" అంది. పోటీలో ఆమె ఒక్కతే ఉన్నందువల్ల ఏకగ్రీవంగా ఎంపికైంది.

ఇక చెక్కు. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య రెండు మీటర్ల దూరం ఉండాలి. ఇద్దరూ ఒకే ఫొటోలో చెక్కు పట్టుకోవాలి. ఈ సమస్యకు ప్రపంచంలో ఇంకెవరికీ పరిష్కారం తట్టలేదు. శేషగిరి గారి శ్రీమతి చాముండేశ్వరి గారు కొత్త టీవీ అట్టపెట్టె విప్పదీసి, ఇంకో ముక్క అతికించి, సరిగ్గా రెండు మీటర్ల చెక్కు తయారుచేశారు. వెనకవైపు 'జాగ్రత్త, పగులును' అని ఇంగ్లీషులో అలాగే ఉండిపోయింది.

"అంకె ఎంత వెయ్యమంటారు?" అని ఆవిడ బ్రష్ పట్టుకుని అడిగారు.

"యూరో గుర్తు పెద్దది వెయ్యి. మిగతాది కమిటీ చూసుకుంటుంది."

హైదరాబాద్‌లో పేజీ గురువారమే తయారుచేసేస్తారు. సభేమో శనివారం. కనుక మన సభల ఆచారం ప్రకారం, సభ దిగ్విజయంగా జరిగిన తీరు బుధవారమే రాసేశాను. కరతాళ ధ్వనులు పెట్టాను. ఆనందబాష్పాలు కూడా కలపమన్నారు శేషగిరి గారు.

"ఎవరివండీ?"

"ఆ పిల్లవి పెట్టు. నావి కూడా కొన్ని పెట్టు."

శనివారం మా ఇళ్ళ మధ్య గడ్డిమైదానంలో సభ జరిగింది. కరోనా కారణంగా ఎవరి శాలువా వారే కప్పుకున్నారు. మార్తాకు ఇవ్వాల్సిన శాలువాను శేషగిరి గారు గడ్డిమీద పెట్టి వెనక్కి జరిగారు. ఆమె వంగి తీసుకుని, ఎటు కప్పుకోవాలో తెలియక నడుముకి చుట్టుకుంది. దాతలకు సన్మానం, దాతల సతీమణులకు సన్మానం, లైవ్ స్ట్రీమింగ్ చేసిన కుర్రాళ్ళకు సన్మానం అయ్యాయి. ఇంతలో గార్డుల, అంటే ఇక్కడి పోలీసుల, కారు వచ్చి ఆగింది.

"ఎవ్రీథింగ్ ఆల్ రైట్, లాడ్స్?"

"స్కాలర్‌షిప్, సర్," అన్నారు శేషగిరి గారు అటెన్షన్‌లో నిలబడి.

గార్డు చెక్కును ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి, "ఫెయిర్ ప్లే టు యూ" అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. అప్పుడే గాలి లేచింది. లూకన్ గాలి సంగతి లూకన్ వాళ్ళకే తెలుసు. చెక్కు పైకి లేచింది. శేషగిరి గారు వదిలేశారు. మార్తా వదల్లేదు, చెక్కుతో పాటు మైదానం సగందాకా పరుగెత్తింది. నా కెమెరాకు దొరికిన మంచి ఫొటో అదొక్కటే.

ఆదివారం ఉదయానికి ఎన్నిస్ నుంచి జవాబొచ్చింది. లక్ష్మీనారాయణ గారు ఇద్దరు నల్లజాతి విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు అందజేశారని పేపరు వెబ్‌సైట్‌లో పడింది. మధ్యాహ్నానికి మేము ఐదుగురికి అందజేశాం. సోమవారం వారు పదిమందికి. బుధవారానికి రెండు వేదికలూ కలిసి ఈ దేశంలో ఉన్న నల్లజాతి జర్నలిజం విద్యార్థులందరినీ చదివించేసి, ఇంకా పుట్టనివారి దాకా వెళ్ళాయి. ప్రతిసారీ కరతాళ ధ్వనులు నావే.

ఆ సాయంత్రం మార్తా మా గేటు దగ్గర నిలబడింది.

"గిరీష్, ఎల్లుండే శుక్రవారం. డబ్బు ఎప్పుడొస్తుంది?"

లెపర్డ్స్‌టౌన్‌లో పనిచేసే మా కోశాధికారి రాఘవులుకు వెంటనే ఫోన్ చేశాను.

"ఇచ్చినం గదన్నా," అన్నాడు.

"ఎప్పుడు?"

"శనివారం. పేపర్ల గూడ వచ్చె. మల్ల ఇస్తే డబల్ పేమెంట్ అయితది. ఆడిటర్ ఊకుంటడా?"

"అసలు ఒక్కసారైనా ఇవ్వాలి కదయ్యా!"

"శాలువలు, మెమెంటోలు, లైవ్ స్ట్రీమింగు... గివన్నీ ఎవల కోసం పెట్టినమన్నా? ఆ పిల్ల కోసమే గద!"

ఈ మాట గేటు దాకా మోసుకెళ్ళడానికి నాకు సిగ్గేసింది. మార్తా ముఖం చిన్నబోయింది. పేపర్లో ఏం రాశారో చదివి చెప్పమంది. ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చాను.

"'ఇకపై నా కలం తెలుగు జాతికి అంకితం' అని కుమారి మార్తా గద్గద స్వరంతో అన్నారు..."

"నేనెప్పుడన్నాను?"

"బుధవారం."

"సభ శనివారం కదా?"

"అవును."

మార్తా ఇంట్లోకి వెళ్ళి పెన్ను తెచ్చుకుంది.

నల్లజాతి జర్నలిజం విద్యార్థుల కోసం ఒక చిన్న వెబ్ పత్రికవారు నిజంగానే స్కాలర్‌షిప్ ఇస్తారట. జూమ్‌లో ప్రకటించకపోవడం వల్ల మాకు తెలియలేదు. దానికి సొంతంగా సేకరించిన వార్త ఒకటి పంపాలి. గురువారం రాత్రితో గడువు ముగుస్తుంది.

గురువారం మార్తా శేషగిరి గారికి వీడియో కాల్ చేసింది. అంతవరకు ఏ విలేకరీ తనంతట తాను ఆయనకు ఫోన్ చేసిన చరిత్ర లేదు. ఆయన సూటు వేసుకుని కూర్చున్నారు. నన్నూ కాల్‌లో పెట్టుకున్నారు.

"స్కాలర్‌షిప్ డబ్బు విద్యార్థికి అందిందా?" అని ఇంగ్లీషులో అడిగింది మార్తా.

"మనీ ఈజ్ నాట్ ఇంపార్టెంట్, అమ్మా."

"అందలేదని రాయవచ్చా?"

"రైట్, రైట్! శేషగిరి. ఎస్, ఇ, ఎస్, హెచ్..."

"సభ జరగకముందే వార్త ఎలా తయారైంది?"

"వుయ్ ఆర్ వెరీ ఫాస్ట్."

"ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?"

"ఫొటో లెఫ్ట్ సైడ్ నుంచి తీసింది వెయ్యమ్మా."

శుక్రవారం మధ్యాహ్నం ఆ వెబ్ పత్రికలో వార్త వచ్చింది. 'రెండు మీటర్ల చెక్కు, సున్నా యూరోలు' అని హెడ్డింగ్. కింద నేను తీసి మార్తాకిచ్చిన ఫొటో: చెక్కు పట్టుకుని పరుగెత్తుతున్న మార్తా, చేతులు ఖాళీగా శేషగిరి గారు, ఎడమవైపు నుంచి. సాయంత్రం కాలేజీ మూసేలోపల ఆ పత్రికవారే స్కాలర్‌షిప్ కింద ఫీజు కట్టేశారు. మార్తా వాళ్ళమ్మ డ్యూటీనుంచి వచ్చి, యూనిఫారంలోనే వాకిట్లో డాన్సు చేసింది. గోడకు ఇవతల నేనూ చేశాను. నాకు డాన్సు రాదు.

అంతలో శేషగిరి గారి ఫోన్. మంచినీళ్ళు తాగి ఎత్తాను.

"గిరీషూ, చూశావా? ఇంగ్లీషు పేపరయ్యా! లక్ష్మీనారాయణకి ఈ జన్మలో పడుతుందా?"

"చదివారాండీ?"

"ఫొటో చూశాను కదయ్యా. ఎంత పెద్దదేశారు!"

అప్పటికే లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. నమస్కారాలు వరసగా పడుతున్నాయి. 'గ్రేట్ అచీవ్‌మెంట్' అని రాఘవులు పెట్టాడు. ఆ విద్యార్థిని నిజానికి తమ వేదిక స్కాలరేనని ఎన్నిస్ నుంచి లక్ష్మీనారాయణ గారు ఖండన విడుదల చేశారు. లింకు తెరిచి చదివినవాడు నవదీప్ ఒక్కడేననుకుంటాను, గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

"ఇదంతా మొదటినుంచీ వివరంగా తెలుగులో రాసి శనివారం పేజీకి పంపెయ్. కింద నా సంతకం ఉన్న కాగితం నీ దగ్గర ఉందిగా, పైన నింపుకో," అన్నారు శేషగిరి గారు.

"పంపేముందు ఒకసారి చూస్తారాండీ?"

"నాకెందుకయ్యా, పేపర్లో చూసుకుంటాను."

జరిగినదంతా, జరిగినట్టే, పైన నింపాను.

ఇట్లు,
శేషగిరి
అధ్యక్షులు, అఖిల ఐర్లాండ్ తెలుగు సమైక్య వేదిక, లూకన్
(ఫొటో జతచేయడమైనది. ఎడమవైపు నుంచి తీసినది.)